ఫీజు తక్కువ బడి

మా ఆయన సౌదీ తూర్పు ప్రాంతంలో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో సూపర్‌వైజరు. 2010లో నన్నూ, ఐదేళ్ల పాపనూ తిరుచానూరు నుంచి అక్కడికి పిలిపించుకున్నారు. ఆ ఏడాది చివర్లో అబ్బోడు పుట్టాడు. పెద్ద ఉద్యోగాల వాళ్లకైతే పిల్లల ఫీజు కంపెనీయే కడుతుంది. మా కాంట్రాక్టులో ఆ ఊసే లేదు. ఇంటి అద్దె, బడి ఫీజు, అత్తమ్మకు పంపేది, అన్నీ ఆ ఒక్క జీతంలోంచే.

అమెరికన్, బ్రిటిష్ బడుల ఫీజులు విని, లోపలికి పోకుండానే వెనక్కి వచ్చేశాం. మాబోటి వాళ్లకు మిగిలినవి రెండు: ఎంబసీ అండతో నడిచే ఇండియన్ స్కూలు, ప్రైవేటువాళ్ల ఇంటర్నేషనల్ స్కూలు. రెండింట్లోనూ సీబీఎస్ఈ చదువే. ఎంబసీ బడిలో ఫీజు తక్కువ కాబట్టి అందరూ దానికే ఎగబడతారు. మొదటి ఏడు పాపకు అందులో సీటు దొరకలేదు. ప్రైవేటు బడిలో చేర్పించాం.

ఆ బడిలో చెప్పిన ఫీజు ఒకటి, కట్టించుకున్నది ఇంకొకటి. రిజిస్ట్రేషన్, పుస్తకాలు, యూనిఫారం, బస్సు, దేని రసీదు దానిదే. బస్సు వద్దనే వీల్లేదు. ఆయన తెల్లారకముందే డ్యూటీకి పోతారు. 2018 జూన్ దాకా ఆ దేశంలో ఆడవాళ్లు కారు నడపకూడదు. పాప మా వీధిలో మొదట ఎక్కి చివరన దిగేది. మే నెల ఎండలో దిగేసరికి ముఖం కందిపోయి, అన్నం కూడా తినకుండా పడుకునేది.

పుస్తకాల ఖర్చు తగ్గించుకుందామని పై తరగతి పిల్లల దగ్గర పాతవి కొన్నాను. వర్క్‌బుక్కుల నిండా ఎవరో పిల్ల పెన్సిల్‌తో రాసిన జవాబులు. రాత్రిళ్లు పాప నిద్రపోయాక కూర్చుని వాటిని రబ్బరుతో చెరిపేదాన్ని. గట్టిగా రాసిన చోట చెరిపినా అక్షరాల అచ్చు కనబడేది. పాప దాన్ని చూసే జవాబు రాసేసేది. తిట్టాలో నవ్వాలో తెలిసేది కాదు.

మరుసటేడు ఎంబసీ బడిలో సీటు వచ్చింది. తర్వాత అబ్బోడికీ వచ్చింది. ఆడపిల్లలకు ఒక భవనం, మగపిల్లలకు ఇంకొకటి, కాబట్టి బస్సులూ రెండు. రెండో భాషగా హిందీ తీసుకున్నాం. తెలుగు లేదు. అఆలు నేనే ఇంట్లో దిద్దించాను. చదువు బాగానే చెప్పేవాళ్లు. ఫీజు మేం కట్టగలిగినంతే. ఇంక ఇబ్బంది లేదనుకున్నాం.

2017 జులై నుంచి సౌదీ ప్రభుత్వం కుటుంబాల మీద పన్ను వేసింది. భార్యాబిడ్డల్లో తలకు నెలకు వంద రియాళ్లు, ఏటా ఇంకో వంద పెంచుకుంటూ 2020కి నాలుగు వందలు. మా ముగ్గురికీ మొదటి ఏడు 3,600 రియాళ్లు, రెండో ఏడు 7,200. మన డబ్బుల్లో లక్షా ముప్పై వేలు. ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, రెన్యువల్ చేయించుకునేటప్పుడే ఏడాది మొత్తం ముందుగా కట్టాల్సి వచ్చేది. కట్టకపోతే ఇకామా ఇచ్చేవాళ్లు కాదు. ఇద్దరు పిల్లల ఏడాది ఫీజు కంటే ఆ పన్నే ఎక్కువైంది. మా బిల్డింగులో మలయాళీ, హైదరాబాదీ కుటుంబాలు ఒక్కొక్కటే ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని, ఇక తిరిగి రాకుండా ఊళ్లకు పోయాయి.

దానికి తోడు లోకల్ గొడవ. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన దగ్గర ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లవి. ఇంటర్ పూర్తయ్యేనాటికి వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిదో తరగతి నుంచి. పాప అప్పుడు ఎనిమిదిలో ఉంది.

ఒక రాత్రి ఆయన డబ్బు పంపిన రసీదు వెనక లెక్క వేశారు. “మీరు ముగ్గురూ ఊర్లో ఉంటే ఈ పన్ను డబ్బుతో ఇద్దర్నీ చదివించొచ్చు” అన్నారు. “మీరొక్కరే ఎట్ల ఉంటారు?” అన్నాను. బదులు చెప్పలేదు. ఫోన్‌లో అత్తమ్మ మాత్రం “రాండి, ఈడ బడులు లేవా ఏం?” అనేసింది.

2019 మార్చిలో పరీక్షలు కాగానే మేం ముగ్గురం వచ్చేశాం. ఆయన బ్యాచిలర్ రూముకు మారారు. తిరుపతిలో ఎక్కడ చూసినా ఇంటర్నేషనల్ అనే బోర్డులే. నేను బోర్డు చూడలేదు. బస్సు మా ఊరికొస్తుందా, ఫీజు మొత్తం ఒకే కాగితం మీద రాసిస్తారా అని అడిగి చేర్పించాను. 2020 మార్చిలో కరోనాతో విమానాలు ఆగిపోయాయి. సెప్టెంబర్లో ఇండియా వాళ్లను సౌదీ రానివ్వలేదు. వస్తే తిరిగి పోలేనేమో, ఉద్యోగం పోతుందేమో అని ఆయన అక్కడే ఉండిపోయారు. వాళ్ల నాన్న లేకుండానే పాప పది పాసైంది, అబ్బోడు నాకంటే పొడుగయ్యాడు.

2023లో పాప ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) లోకల్‌లో ఇంజినీరింగ్ సీటు తెచ్చుకుంది. గల్ఫ్‌కు పోయే మా ఊరి ఆడపిల్లలు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు, “అక్కా, ఆడ ఫీజు తక్కువ బడి దొరుకుతుందా?” అని. దొరుకుతుంది, మాకూ దొరికింది. మేం కట్టలేకపోయింది బడి ఫీజు కాదు, ఆ బడికి పోయే పిల్లల్ని మా దగ్గర ఉంచుకోవడానికి అడిగిన డబ్బు. అందుకే ముందు ఇకామాకు తలకెంత అవుతుందో కనుక్కోమంటాను, పెద్దబిడ్డ తొమ్మిదో తరగతికి ఏ ఏడాది వస్తుందో లెక్కపెట్టుకోమంటాను. బడి సంగతి ఆ తర్వాతే.