పరసూత్రం

పదవీ విరమణ చేసి అయిజలో స్థిరపడిన తరువాత మా ఇంటి ముందరి గదిని పిల్లల చదువులకు విడిచిపెట్టాను. నాలుగు పాత కంప్యూటర్లు, ఒకే ఇంటర్నెట్టు తీగ. నడుమ కాపలాగా ఐదవ యంత్రాన్ని నిలపాలని సంకల్పించాను. తెలుగు పండితునికి ఈ పని ఎందుకని మిత్రులు నవ్వారు. విద్వద్గద్వాల అని పేరుపొందిన సీమలో ఉంటూ నియమాల వరుసకు వెరవడమా!

ఆ ఐదవ యంత్రంలో యూనిక్సు కుటుంబానికి చెందిన ఓపెన్‌బీఎస్‌డీని ఎక్కించాను. దానికి రెండు నెట్‌వర్కు కార్డులు: ఒకటి బయటి తీగకు, రెండవది గదిలోని స్విచ్చికి. ఒక కార్డున వచ్చిన ప్యాకెట్టును రెండవదానికి అందించే అనుమతి ముందుగా ఇవ్వాలి. లోపలి చిరునామాలన్నిటినీ బయటికి ఒక్క చిరునామాగా చూపాలి. రాజోలిబండ కాలువ తూములు చూస్తూ పెరిగినవాడికి ఇంతవరకు బోధపడడం కష్టం కాదు. ఏది పోవాలో ఏది ఆగాలో తేల్చేది పీఎఫ్. డేనియల్ హార్ట్‌మైయర్ రచించిన ఈ భాగం 2001 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ 3.0తో వెలువడింది.

అంతకుముందు నేను చదివినది లినక్సు ఐపీటేబుల్స్ గురించి. అక్కడ మొదట సరిపోయిన నియమానిదే తీర్పు. కనుక అనుమతులన్నీ ముందు రాసి, ‘అన్నిటినీ ఆపు’ అన్న వాక్యాన్ని చివర పెట్టాను. తనిఖీ చేయిస్తే తప్పు లేదంది. వ్యాకరణదోషం లేదు మరి! నియమాలు అమలుచేశాక కూడా పక్క కంప్యూటరులో మోగుతున్న పాట ఆగలేదు. తృప్తిగా నిద్రపోయాను.

మరునాడు నా పూర్వవిద్యార్థి కూతురు డిగ్రీ ప్రవేశానికి దరఖాస్తు పెట్టడానికి వచ్చింది. ఆనాటితో గడువు ఆఖరు. ఒక్క పుట తెరుచుకోలేదు. తీగలు కదిపాను, యంత్రాలన్నీ ఆపి మళ్లీ వెలిగించాను. పదకొండు దాటాక ఆ పిల్ల “గద్వాలకు పోయి చేసుకుంట సారూ” అని బస్సెక్కింది.

అప్పుడు తెరిచాను పీఎఫ్ మాన్యువల్‌ను. పీఎఫ్ నియమాలను కడదాకా చదువుతుందట. సరిపోయినవాటిలో చివరిదే చెల్లుతుందట. నడుమనే తేల్చాలంటే ఆ నియమంలో ‘క్విక్’ అని చేర్చాలి. తుల్యబలం గల రెండు సూత్రాలకు విరోధం వస్తే పరసూత్రమే ప్రవర్తిస్తుందని ఓరియంటల్ కళాశాలలో వల్లెవేసినవాణ్ణి! (ఆ పాణిని సూత్రంలోని ‘పర’ శబ్దానికి 2022లో కేంబ్రిడ్జిలో ఋషి రాజ్‌పోపట్ వేరే అర్థం చెప్పాడు, ఆ చర్చ నన్ను ఈ తప్పునుంచి కాపాడదు.) నా చివరి వాక్యం అనుమతులన్నిటినీ కొట్టివేసింది. పాట ఆగకపోవడానికి కారణం వేరు. ముందే కుదిరిన సంబంధాలను పీఎఫ్ ఒక పట్టికలో ఉంచుకొంటుంది. కొత్త నియమాలు వచ్చినంత మాత్రాన వాటిని తెంచదు.

‘ఆపు’ను మొదటికి జరిపాను. అర నిమిషం పని.

సాయంత్రం ఆ పిల్ల వచ్చి దరఖాస్తు అందినట్టున్న కాగితం చూపింది. బస్సు ఛార్జీలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. “రేపు నెట్టు వస్తదా సారూ?” అని అడిగింది. లోపలికి వెళ్లి ఆ ఫైలు మరొకసారి మొదటినుంచి చదివి వచ్చి, వస్తుందన్నాను.