కందకం ఎవరు తవ్విన్రు?

సెకండియర్‌లో ఒక ఆదివారం ముగ్గురం కలిసి జగిత్యాల ఖిల్లా చూడ్డానికి వెళ్లాం. ఒకడిది జగిత్యాలే, ఇంకొకడిది కోరుట్ల, నాది సిరిసిల్ల దగ్గర ఒక పల్లె. నక్షత్రం ఆకారంలో ఉంటుంది ఆ కోట. 1747 ప్రాంతంలో ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించాడని, జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు ప్లాన్ గీశారని, వాళ్ల పేర్ల మీదే ఊరికి పేరొచ్చిందని చెప్తారు. "చూసిన్రా, ఇంజనీర్ల పేరు మీద ఊరు! మన పేరు మీద కనీసం ఒక గల్లీ అన్న ఉంటదో లేదో" అన్నాడు జగిత్యాల దోస్తు. నవ్వుకున్నాం.

కోట గోడల చుట్టూ పెద్ద కందకం ఉంది. దాన్ని చూసి నేను "అగడ్త" అన్నాను, స్కూల్ పుస్తకం గుర్తొచ్చి. కోరుట్ల దోస్తు "మా ఇంట్ల ఖందక్ అంటం" అన్నాడు. 627లో మదీనా మీదికి సైన్యం వస్తుంటే, సల్మాన్ అనే పర్షియా మనిషి సలహాతో కందకం తవ్వి ఊరిని కాపాడుకున్నారట. ఆ యుద్ధానికి ఖందక్ యుద్ధమనే పేరు.

హాస్టల్‌కి వచ్చాక నిఘంటువులు వెతికాను. పర్షియన్‌లో 'కందన్' అంటే తవ్వడం. తవ్వినది అనే అర్థమున్న మాట అరబ్బీలోకి పోయి ఖందక్ అయింది. అది ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చి కందకం అయింది. అగడ్త మన ద్రావిడ మాటే. తమిళంలో 'అగళ్' అంటే తవ్వు, 'అగళి' అంటే అగడ్త. సంస్కృతంలో పరిఖ అంటారు, చుట్టూ తవ్వినది అని. మూడు భాషల్లో మూడు మాటలు. మూడింట్లోనూ ఉన్నది తవ్వుడు పనే. రాజు పేరు, శత్రువు పేరు ఎక్కడా లేవు.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది.

ఎండాకాలం ఫోన్ చేస్తే అమ్మ చెప్పేది, "గుట్ట కాడ కందకాలు తవ్వుతున్నం బిడ్డా" అని. ఉపాధి హామీ పని. వాన నీళ్లు గుట్ట మీంచి ఉరికిపోకుండా వాలుకు అడ్డంగా తవ్వుతారు. నీళ్లు ఆగి భూమిలోకి ఇంకుతాయి. పొద్దున్నే గడ్డపార, పార, సద్ది పట్టుకుని పోతుంది. కొలత తక్కువొస్తే కూలి తక్కువ. ఇన్నేళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాను గానీ, కోటది, అమ్మది ఒకటే మాట అని నాకు తట్టలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఫస్టియర్‌లో రూమ్మేట్ "మీ అమ్మ ఏం చేస్తది?" అని అడిగితే "హౌస్ వైఫ్" అన్నాను.

ఆ రాత్రి ఫోన్ చేసి ఖిల్లా సంగతంతా చెప్పాను. నవాబు పేరు, ఫ్రెంచోళ్ల పేర్లు, మాట పుట్టుక. అమ్మ అంతా విని, "గంత పెద్ద కందకమా! ఎవరు తవ్విన్రట?" అంది.

"పేర్లు ఎక్కడ లేవమ్మా."

"ఉండయి మరి," అని నవ్వింది. "తిన్నవా?"

ఫోన్ పెట్టేశాక రూమ్మేట్ అడిగాడు, ఎవర్రా, ఇంతసేపు మాట్లాడినవ్ అని.

"మా అమ్మ," అన్నాను. "కందకాలు తవ్వుతది."