సంతకం పెట్టినవాడే ఎక్కాలి

జూన్ 8, 2024. వెరోనా, విస్కాన్సిన్

మృగశిర కార్తె. హైదరాబాదులో ఈపాటికి చేపల మార్కెట్లో కాలు పెట్టడానికి చోటుండదు. ఇక్కడేమో పొద్దున స్వెటర్ లేకుండా బయటికి వెళ్లొద్దని కోడలి ఆర్డరు.

వీధి చివరి ఇంటి గ్యారేజీ తలుపు తీసి ఉంది. లోపల కారు లేదు. రెండు బల్లల మీద చెక్కతో కట్టిన విమానం రెక్క పరుచుకుని ఉంది. సన్నటి స్ప్రూస్ కర్ర పుల్లలతో రిబ్బులు, మూలమూలకూ ప్లైవుడ్ ముక్కలు అంటించి, వరుసగా. ముప్ఫై ఏళ్లు బేగంపేటలో ఫ్లయింగ్ క్లబ్ హ్యాంగర్లో పనిచేసినవాణ్ణి, అది చూసి ముందుకెలా పోతాను?

ఆయన హైస్కూల్లో పిల్లలకు వడ్రంగం, లేతు పని నేర్పి రిటైరయ్యాడట. కాబట్టి ఈ డైరీలో ఆయన పేరు మాస్టారు. జిగురు వేసిన ఒక అతుకు మీద వేలు పెట్టి చూశాను. ఆయన నా వేలి వంక చూసి, "మీరూ ఈ పనివాళ్లేనా?" అన్నాడు.

జూన్ 9

ఆ విమానం పేరు పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్. మిన్నెసోటాలో చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన, ఎక్కడా ఇంజనీరింగ్ చదవకుండానే, 1920ల చివర్లో దీన్ని తయారుచేశాడు. ఇంజను ఫోర్డ్ మోడల్ ఏ కారుది. కారు ఇంజనుతో విమానం సరిగా ఎగరదని ఒక పత్రిక సంపాదకుడు రాస్తే, ఈయన 1930లో తన విమానాలు రెండింటిని అతని ఊరికే ఎగరేసుకుని వెళ్లి చూపించాడు. ఆ సంపాదకుడు మనసున్నవాడు, ప్లానులు అచ్చేశాడు. తొంభై ఏళ్లు దాటినా జనం ఇంకా అవే ప్లానులతో కడుతున్నారు. పీటెన్‌పోల్ తర్వాతి రోజుల్లో టీవీ రిపేర్లు కూడా చేసేవాడట. నాకు ఆ మాట అన్నిటికన్నా నచ్చింది.

మోడల్ ఏ ఇంజనుకు నీళ్ల రేడియేటరు పైలట్ కళ్లకు ఎదురుగా నిలబడి ఉంటుంది. మాస్టారు ఆ బాధ లేకుండా పాత పైపర్ కబ్ విమానం నుంచి ఊడదీసిన కాంటినెంటల్ 65 గుర్రాల ఇంజను కొన్నాడు. చూపు బాగుంటుంది కానీ ఇది ఫోర్డు కన్నా చాలా తేలిక. ముక్కు తేలికైతే తోక బరువవుతుంది. ఈ సంగతి ఇప్పుడే అంటే బాగోదని ఊరుకున్నాను.

జూన్ 15

ఇవాళ రెక్కకు గుడ్డ తొడిగాం. మనవడు నోరు తెరిచి చూశాడు, "తాతయ్యా, విమానాన్ని ఇస్త్రీ చేస్తున్నారా!" అని.

అవును, ఇస్త్రీయే. ఇప్పటి గుడ్డ పాలిస్టర్. జిగురుతో అంచులు అంటించి, ఇస్త్రీపెట్టెను ముందు 250 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, తర్వాత 350 దగ్గర పెట్టి తిప్పితే అదే ముడుచుకుని బిగుస్తుంది. అంతకు మించి వేడి పెడితే గుడ్డ మెత్తబడి, బిగువు పోయి, మళ్లీ మొదటికొస్తుంది. పెట్టె మీద రాసిన అంకెను మాస్టారు నమ్మడు. థర్మామీటరుతో కొలిచి పెట్టె మీద తనే పెన్నుతో గీతలు గీసుకున్నాడు. అక్కడ ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

మా రోజుల్లో నూలు గుడ్డ. దాన్ని బిగించేది డోప్ అనే పూత. మా క్లబ్బు పుష్పక్ విమానం రెక్కకు డోప్ కొడుతుంటే వాసన హ్యాంగరంతా నిండి, ఇంటికెళ్లి స్నానం చేసినా పోయేది కాదు. సరిగ్గా ఈ కార్తెలో మాకు ఆ పని బంద్. గాలిలో తేమ ఉంటే డోప్ ఆరేటప్పుడు తెల్లగా పాలిపోతుంది, పట్టూ ఉండదు. తొలకరి కోసం ఊరంతా ఆకాశం వైపు చూస్తుంటే, మేం మాత్రం ఇంకో నాలుగు రోజులు ఆగితే బాగుండునని చూసేవాళ్లం.

జూన్ 16

గుడ్డను రిబ్బులకు దారంతో కుట్టాలి. మైనం పట్టించిన దారం, జానెడు పొడుగు సూది. ఒకరు పైన, ఒకరు కింద. ఒక్కో కుట్టుకూ ముడి. రెక్క పైన గాలి గుడ్డను పైకి పీలుస్తుంది కదా, జిగురొక్కటే ఆపలేదు. ఫ్యాను గాలి తగిలే చోట కుట్లు ఇంకా దగ్గరదగ్గరగా పడాలి. ముడి వేయడం వేళ్లకు గుర్తుంది. కళ్లజోడే సరిపోవడం లేదు.

మాస్టారి భార్య నిమ్మరసం తెచ్చి, కాసేపు నిలబడి చూసి, మా ఇద్దరినీ ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మా ఆవిడైతే అనేది.

జూన్ 22

మాస్టారు కాగితాలు చూపించాడు. రాత్రి నిద్ర పట్టలేదు, కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడి చట్టం ఇలా ఉంది. విమానంలో సగానికి పైగా పని ఔత్సాహికుడు నేర్చుకోవడానికో సరదాకో తన చేతులతో చేసి ఉంటే, దాన్ని ఎక్స్‌పెరిమెంటల్ కింద రిజిస్టరు చేసుకోవచ్చు. ఎగరే ముందు ప్రభుత్వం తరఫు మనిషి వచ్చి చూస్తాడు. ఆ తర్వాత మామూలుగా మొదటి 25 గంటలో 40 గంటలో, ఇంజనును బట్టి, నిర్ణయించిన హద్దుల్లోనే తిప్పాలి. అప్పటిదాకా ప్రయాణికులను ఎక్కించకూడదు. విమానం మీద, ఎక్కేవాడికి కనబడేచోట, ఎక్స్‌పెరిమెంటల్ అని పెద్ద అక్షరాలు. లోపల ఇంకో పలక: ఇది ఔత్సాహికుడు కట్టినది, మామూలు విమానాలకుండే భద్రతా నియమాలకు ఇది లోబడలేదు సుమా అని.

ఇవన్నీ సరే. నన్ను పడుకోనివ్వనిది వేరే. కట్టినవాడు అర్జీ పెట్టుకుంటే ఆ ఒక్క విమానానికి రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఇస్తారు. ఏటేటా తనిఖీ చేసి, బాగుందని లాగ్‌బుక్‌లో అతనే సంతకం పెట్టుకోవచ్చు. విమానం అమ్మేస్తే ఆ హక్కు కొన్నవాడికి రాదు.

బేగంపేటలో నేను సంతకం పెడితే పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఎక్కేవాడు. వాడు మళ్లీ నేలమీద దిగేదాకా టీ గ్లాసు చేతిలోనే చల్లారేది. సంతకం ఒకరిది, ప్రాణం ఇంకొకరిది. ఇక్కడ రెండూ ఒకరివే. ఇది మంచి పద్ధతో చెడ్డ పద్ధతో రాత్రంతా ఆలోచించినా తేలలేదు. తనకు తాను సంతకం పెట్టుకునేవాడు ఎక్కువ జాగ్రత్తగా ఉంటాడా, ఎక్కువ మొహమాటపడతాడా?

జూలై 6. బ్రాడ్‌హెడ్

గడ్డి రన్‌వేలున్న చిన్న ఎయిర్‌ఫీల్డు. మాస్టారి స్నేహితురాలికి 1946 నాటి పైపర్ కబ్ ఉంది. ఆవిడకు డెబ్బై దాటాయి.

ఇంట్లో ముందురోజే పంచాయతీ. "మామయ్యగారూ, మీ ట్రావెల్ ఇన్సూరెన్సులో ఇది కవర్ కాదు, చదివాను" అంది కోడలు. మావాడు "నాన్న ఇష్టం" అని లాప్‌టాప్‌లోకి దూరాడు. నేను మటుకు విమానం చూడ్డానికే వెళ్తున్నానని చెప్పాను. చూశాను కూడా: కేబుళ్లు, పుల్లీలు, తోక చక్రం స్ప్రింగులు, అన్నీ. తర్వాత ఎక్కాను.

కబ్‌లో బ్యాటరీ లేదు, స్టార్టరు లేదు. చక్రాలకు అడ్డు పెట్టి, తోక తాడుతో కట్టేసి, మాస్టారు ఫ్యాను చేత్తో తిప్పాడు. "కాంటాక్ట్!" అని అరుపు, ఒక్క లాగు, ఇంజను అందుకుంది. పెట్రోలు ట్యాంకు ముక్కులోనే, నా మోకాళ్ల ముందే. దాని మూతలోంచి పైకి పొడుచుకు వచ్చిన తీగే గేజి. కింద బెండు తేలుతూ ఉంటుంది, పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. ఇందులో చెడిపోవడానికి ఏముంది?

పైలట్ వెనక సీట్లో. ఒంటరిగా ఎగిరినా వెనకే కూర్చోవాలి, లేకపోతే తూకం కుదరదు. కుడివైపు తలుపు రెండు ముక్కలు, పైది పైకి లేచి రెక్క కిందికి, కిందిది కిందికి వాలుతుంది. ఆవిడ రెండూ తెరిచే ఉంచింది. నా మోచేయి గాలిలో ఉంది. కింద మొక్కజొన్న, సోయా, పశువుల కొట్టాలు, ఎర్ర కప్పులు, చతురస్రాలుగా రోడ్లు. కోసిన గడ్డి వాసన అంత ఎత్తుకూ వచ్చింది. గంటకు 75 మైళ్లని లెక్క, కానీ ఎదురుగాలి. రోడ్డు మీద ఒక వ్యాను మమ్మల్ని దాటేసి వెళ్లిపోయింది. ఆవిడ పకపకా నవ్వడం ఇంజను చప్పుడులో కూడా వినబడింది.

దిగేటప్పుడు పక్కగాలి. స్టిక్కు, రడ్డరు నా ముందూ కదులుతున్నాయి, ఆవిడ చేసేదంతా కనబడింది. తోకచక్రం విమానంలో బరువు ప్రధాన చక్రాల వెనక ఉంటుంది. నేలమీద కొంచెం వంకర తిరిగిందంటే తోక ముందుకొచ్చేయాలని చూస్తుంది. చక్రం నేల తాకాక కూడా ఆవిడ కాళ్లు ఆగలేదు, హ్యాంగరు దగ్గర ఇంజను ఆపేదాకా చిన్నచిన్నగా తొక్కుతూనే ఉన్నాయి. ఇక్కడ 1991 ఏప్రిల్ నుంచి తోకచక్రానికి శిక్షకుడి చేత లాగ్‌బుక్‌లో విడిగా రాయించుకోవాలట. ఆవిడ అంతకు ఎన్నో ఏళ్ల ముందే నేర్చుకుంది, కాబట్టి ఆవిడకు అక్కర్లేదు.

కోడలికి రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పాను. పప్పు వడ్డించింది కానీ మాట్లాడలేదు.

జూలై 7

ఇవాళ కూడా మాట్లాడలేదు.

జూలై 19

మళ్లీ బ్రాడ్‌హెడ్. ఏటా ఆష్కోష్ విమానాల మేళాకు ముందు పీటెన్‌పోల్ వాళ్లు ఇక్కడ కలుస్తారు. ఒకే ప్లాను, ఒక్కటీ ఒకలా లేదు. ఒకదానికి ఫోర్డు ఇంజను, ఒకదానికి కార్వెయిర్ కారుది, ఒకదానికి వార్నిష్ మెరుపు, ఒకదానికి గోడలకు వేసే పెయింటు. పైన రెక్క, కింద రెండు తెరిచిన గుంటలు. ముందు గుంటలోకి దూరాలంటే రెక్క కింద తీగల మధ్య నుంచి వంగి, ఒక కాలు వేసి, తిరిగి, రెండో కాలు లాగాలి. ఒక భారీకాయుడు ఎక్కలేక దిగలేక ఇరుక్కుంటే నలుగురు కలిసి లాగారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయనే.

ఎవరూ ఎక్కువ ఎగరలేదు. కూర్చుని అతుకుల గురించి మాట్లాడుకున్నారు. ఇది నాకు తెలిసిన లోకం.

జూలై 21. ఫిస్క్

ఆష్కోష్‌కు విమానాలు వచ్చే రోజు. రిపన్ అనే ఊరి నుంచి రైలు పట్టాల వెంబడే రావాలి, ఒకదాని వెనక ఒకటి అర మైలు ఎడంతో, 90 నాట్లతో, 1,800 అడుగుల ఎత్తులో. ఫిస్క్ దగ్గర నేలమీద బైనాక్యులర్లతో కంట్రోలర్లు. పైలట్లు మాట్లాడకూడదు. "పసుపు రంగు, పై రెక్క, రెక్కలు ఊపు" అంటారు, విమానం ఊపుతుంది, అంతే. ఏ రన్‌వేకు పోవాలో చెప్పి పంపేస్తారు. రన్‌వే మీద రంగు చుక్కలు వేసి, నువ్వు ఆకుపచ్చ మీద దిగు, వెనకవాడు నారింజ మీద అని, ఒకే పట్టీ మీద ఇద్దరు ముగ్గుర్ని దింపుతారు. మనవడు రెండు చేతులూ చాపి, పిలిచిన ప్రతిసారీ ఊగాడు.

జూలై 25. ఆష్కోష్

1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో కొద్దిమందితో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పెట్టాడు. 1955లో మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఆయన బేబీ ఏస్‌ను, ఇంజనుతో కలిపి 800 డాలర్లలోపు విమానం అని, అట్ట మీద వేసింది. ఆ సంఘం మేళా 1970 నుంచి ఈ ఊళ్లోనే.

నిజం చెప్పాలంటే సగం నాకు నచ్చలేదు. ఫైబర్ గ్లాసు, లోపల టీవీలంత తెరలు, కారు షోరూముల్లా గుడారాలు. యుద్ధవిమానాల మోతకు చెవులు మూసుకున్నాను. పాత విమానాల వరసలోకి వచ్చాక ప్రాణం లేచొచ్చింది. అక్కడ ఒక ఏరాన్‌కా చీఫ్. దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఆ సీటు, ఆ రెక్క, ఆ కిటికీ. మన పుష్పక్‌కు దగ్గరి చుట్టం ఇది. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లది 1958 సెప్టెంబరు 28న మొదటిసారి ఎగిరింది, 90 గుర్రాల కాంటినెంటల్‌తో. దేశంలో ఫ్లయింగ్ క్లబ్బులన్నిటికీ అదే పలక, బలపం. కల్పనా చావ్లాను చిన్నప్పుడు కర్నాల్లో వాళ్ల నాన్న ఎక్కించింది కూడా పుష్పకే.

యజమాని మడత కుర్చీలో ఉన్నాడు. ఇలాంటి దాన్నే నేను ముప్ఫై ఏళ్లు చూసుకున్నానని చెప్పాను. లేచి తలుపు తీసి, కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఎడమ పక్క గుడ్డ మీద వేలితో నొక్కి చూడ్డం అలవాటు, నొక్కాను. గట్టిగానే ఉంది.

ఇలాంటివి మన దగ్గర ఎందుకు మిగల్లేదని మావాడు అడిగాడు. మన క్లబ్బుల్లో విమానం ఎవరి సొంతమూ కాదు. పైలట్ లైసెన్సు ఉద్యోగానికి మెట్టు. ఉద్యోగం వచ్చాక మెట్టును ఎవరు తుడుస్తారు?

ఆగస్టు 3

నిద్ర పట్టనివ్వని ఆ సంతకం ప్రశ్నకు ఇంకో పక్క. ఫ్రాన్సులో ఆన్రీ మిన్యే అనే ఆయన 1933లో ‘ఆకాశపు పేను’ అనే చిన్న విమానం కట్టి, పెట్టె కొట్టడం వచ్చినవాడు ఇది కట్టగలడని పుస్తకం రాశాడు. ఫ్రాన్సు, ఇంగ్లండు జనం ఎగబడి కట్టారు. ఒక కోణం దాటి ముక్కు వంగితే, ముందు వెనక రెక్కలు ఒకదానికొకటి అడ్డుపడి, స్టిక్కు లాగినా ముక్కు లేవదు. కొందరు చచ్చిపోయాక, 1936లో గాలి సొరంగంలో పెట్టి పరీక్షించాక బయటపడింది ఇది. కట్టినవాళ్ల పనిలో లోపం లేదు. అతుకులన్నీ బాగున్నాయి, సంతకాలూ నిజాయితీవే. ప్లానులోనే ఉంది దెబ్బ.

మాస్టారికి ఇది చెబితే, "అందుకే తొంభై ఏళ్లు ఎగిరిన ప్లాను తీసుకున్నాను" అన్నాడు. జవాబు బాగుంది. ఇంజను మటుకు ప్లానులోది కాదుగా అన్నాను.

ఆగస్టు 17

విమానాన్ని బ్రాడ్‌హెడ్ హ్యాంగరుకు ట్రైలరు మీద తెచ్చి రెక్క బిగించాం. ఇవాళ తూకం. మూడు చక్రాల కింద మూడు కాటాలు, తోకను ఎత్తి బల్ల మీద మట్టం చేసి, మాస్టారు పైలట్ సీట్లో. ఆయన సన్నటి మనిషి కాడు. రెక్క అంచు నుంచి దూరాలు కొలిచి నేను లెక్క వేశాను, ఆయన విడిగా వేశాడు. రెండు కాగితాలూ ఒకటే చెప్పాయి: తోక బరువు. ఉండాల్సిన హద్దుకు అంగుళమున్నర వెనక.

ముక్కులో సీసం కడతానన్నాడు. మోయడానికి ఉన్నది 65 గుర్రాలు, అందులో దేనికీ పనికిరాని బరువెందుకు? రెక్కను మోసే కడ్డీలను వెనక్కి వాల్చి, రెక్కనే నాలుగంగుళాలు వెనక్కి జరపమన్నాను. పీటెన్‌పోల్ కట్టేవాళ్లలో ఇది మామూలే, జూలైలో వరసలో ఒకటి అలాగే చూశాం. కానీ అలా చేస్తే కంట్రోలు కేబుళ్లు కొత్తవి వేయాలి, పక్క తీగలు మళ్లీ కొలవాలి, నెల పని. వానాకాలం కాదు, ఇక్కడ చలికాలం తరుముకొస్తోంది. ఆయన సీసం దగ్గరే ఆగాడు, నేను రెక్క దగ్గరే ఆగాను. మధ్యాహ్నం దాకా వాదన.

చివరికి, "మీరైతే దీనికి సంతకం పెడతారా?" అన్నాడు.

సీసంతో అయితే పెట్టను అన్నాను. కేబుళ్ల కోసం ఆర్డరు రాస్తున్నాడు. నాకు తిరుగు టికెట్టు సెప్టెంబరు పదికి. మావాడితో చెప్పి అక్టోబరుకు మార్పించాలి, కోడలికి మాత్రం నేనే చెప్పుకోవాలి.