వేళ్ళు తినే మిషను

మాదిగోడికి తోలు, వడ్రంగికి కొయ్య, కమ్మరికి ఇనుము, కంసాలికి బంగారం. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో ఎవర్నడిగినా పనుల లెక్క ఇట్టాగే చెప్తారు. ఈ లెక్క కట్టినోళ్ళు తోలుని మాత్రం ఊరి బైట పెట్టారు. కులం పంచింది పనిని కాదు, పని చేసేవాళ్ళనే ముక్కలు చేసిందని అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు. ఆ సంగతి పుస్తకం చదివి తెలుసుకోకముందే నా చేతులకి తెలిసింది. నేను మాదిగోణ్ణి. ముప్పై ఏళ్ళకి పైగా కొయ్యపని చేశాను. అందులోనూ వడ్రంగులే దగ్గరికి పోని పని, స్పిండిల్ మిషను పని.

మా అయ్య తోలుపని చేసేవాడు. మోటబొక్కెనలు, చెప్పులు, చెర్నాకోలలు. ఇంటెనక లంద, తంగేడు చెక్క వాసన. కళ్ళంలో వడ్రంగికీ మేర కొలిచేవోళ్ళు, మా అయ్యకీ మేర కొలిచేవోళ్ళు. కాకపోతే వడ్రంగికి రాశి దగ్గర కొలుస్తారు. మా అయ్యకి రాశి ఎత్తినాక అడుగున మట్టి కలిసిన గింజలు ఊడ్చి పోస్తారు. కరెంటు మోటార్లొచ్చి మోట పోయింది. కంపెనీ చెప్పులొచ్చి మా అయ్య చెప్పు పోయింది. ఆరె, గూటం చూర్లో దోపేసి కూలికి పోయాడు. కానీ రంపె పట్టుకున్నన్నాళ్ళూ ఆయన నాకు ఒకే మాట చెప్పేవాడు. "ఒరే అబ్బాయ్, రంపె ఏ దారిన పోద్దో ఆ దారిలో చెయ్యి పెట్టమాక. దానికి కళ్ళుండవు. నీ కళ్ళే దాని కళ్ళు." తర్వాత రోజుల్లో నన్ను కాపాడింది ఆ మాటే.

1988లో, కారంచేడు జరిగిన మూడేళ్ళకి, పదో తరగతి పాసై పైకి చదివే దారి లేక విజయవాడలో ఒక కర్రల అడితిలో చేరాను. నాకప్పుడు పదిహేడేళ్ళు. దుంగలు మొయ్యాలి, రంపపు పొట్టు ఊడ్చాలి, బండికెత్తాలి. అడితి పక్కనే షెడ్డు. అందులో గుమ్మాలు, కిటికీలు చేసేవోళ్ళు. మేస్త్రిగారు వడ్రంగి, మెళ్ళో జంధ్యం. మనిషి చెడ్డవాడు కాదు. నన్ను తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. కానీ ఆయన పనిముట్ల పెట్టె మీద నా నీడ పడనిచ్చేవాడు కాదు. ఒకసారి కింద పడ్డ ఉలి తీసి ఇయ్యబోతే "అక్కడ పెట్టు" అన్నాడు. నేను పెట్టి పక్కకి జరిగినాకే తీసుకున్నాడు. కుండలో నీళ్ళు అందరికీ ఒకటే. గ్లాసు మాత్రం నాది వేరు.

1990లో షావుకారు ఒక పాత స్పిండిల్ మిషను కొన్నాడు. ఇనప బల్ల. బల్ల మధ్య బొక్కలోంచి నిటారుగా ఒక ఇరుసు పైకి లేచి ఉంటది. దానికి కటర్ బిగిస్తారు. మోటారు బెల్టు లాగితే ఆ ఇరుసు నిమిషానికి 6000 చుట్లు తిరుగుద్ది. అంచుకి ఆనించి కర్రని తోస్తే, మనిషి ఒక పూట చిత్రిక పట్టే రిబేటు, మోల్డింగు, పది నిమిషాల్లో దిగుద్ది. రంపం పళ్ళు కంటికి కనిపిస్తయ్యి. ఇది తిరిగేటప్పుడు కనిపించదు, మసక మసగ్గా గాలి తిరిగినట్టుంటది. ఆ మసకలోకి వేలు పోతే తెగిన ముక్కని కుట్టడానికి కూడా మిగల్చదు, పొట్టులో కలిపేస్తది.

మొదటి నెలలోనే ఒక వడ్రంగి వేలి కొస పోయింది. ఆ తర్వాత దాని ముందు ఎవరూ నిలబడలేదు. మేస్త్రిగారు "ఇది మా పని కాదండీ" అన్నాడు. షావుకారు షెడ్డంతా చూసి, పొట్టు ఊడుస్తున్న నావంక తిరిగి "ఒరేయ్, రేపట్నించి నువ్వు నిలబడు" అన్నాడు. ఉలి ముట్టుకోనివ్వని చేతికి మిషను ఇచ్చారు. నాకు ప్రమోషన్ వచ్చిందని మా పల్లెలో సంబరపడ్డారు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. చచ్చిన గొడ్డుని ఎవరు ఈడ్చాలి, మురుగు గుంటలోకి ఎవరు దిగాలి అని ఊరు ఎట్టా తేలుస్తదో, వేళ్ళు తినే మిషను ముందు ఎవరు నిలబడాలో కూడా అట్టాగే తేలింది. ఊళ్ళో పాత పన్లకి కులం ఉందంటారు. కొత్తగా వచ్చిన పనికి ప్రమాదాన్ని బట్టి కులం కడతారు.

మిషనుకి ఒక ఇత్తడి రేకు ఉంది. ఇంగ్లీషులో ఏదో రాసుంది. నాకు నేర్పేవోళ్ళెవరూ లేరు. ఎస్సీ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే మా చిన్నాన్న కొడుకుని ఆదివారం పిలుచుకొచ్చాను. రేకు మీద బాణం గుర్తు కటర్ తిరిగే దిక్కని, రెండంకెలు రెండు కప్పీలకి రెండు స్పీడులని, పెద్ద కటర్‌కి తక్కువ స్పీడు పెట్టాలని చదివి చెప్పాడు. కటర్ వెడల్పయ్యే కొద్దీ దాని అంచు మీద వేగం పెరుగుద్ది గాబట్టి అట్టా పెట్టాలని లెక్కేసి చూపించాడు. మా ఇద్దరిదీ ఒకటే వయసు. వాడి చదువు, మా అయ్య మాట కలిపి నేను పని నేర్చుకున్నాను.

మొదటిది, కటర్ మార్చేటప్పుడు స్విచ్చి ఒక్కటి ఆపితే చాలదు. మెయిను తీసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవాణ్ణి. ఫ్యూజు నా జేబులో ఉంటే ఎవడు స్విచ్చి నొక్కినా నా చెయ్యి నాకుంటది. రెండోది, బిగించినాక చేత్తో నాలుగు చుట్లు తిప్పి చూడాలి. బల్లకి గానీ అంచుకి గానీ తగిలితే అప్పుడే తెలిసిపోద్ది. ఆ పాత మిషనుకి గాడి ఉన్న రెండు బిళ్ళల మధ్య రెండు విడి బ్లేడ్లు పెట్టి పై నట్టుతో నొక్కి బిగించే పద్ధతి. రెండు బ్లేడ్ల వెడల్పులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒకటే బిగుసుద్ది, రెండోది బిగిసినట్టు కనిపిస్తది. తిరిగేటప్పుడు అది తుపాకీ గుండల్లే లేచొస్తది. నేను బ్లేడ్లు సాన పట్టిన ప్రతిసారీ కంసాలి దగ్గరికి పోయి తక్కెట్లో రెండిటినీ తూయించేవాణ్ణి. షెడ్డులో నవ్వేవోళ్ళు, "బంగారం తూయిస్తన్నావా" అని. వేలు బంగారం కన్నా చౌకా?

మూడోది, కర్రని ఎప్పుడూ కటర్ తిరిగేదానికి ఎదురుగానే తొయ్యాలి. అది తిరిగే వైపుకే తోస్తే కర్రని లాక్కుపోద్ది, కర్రతో పాటు చేతినీ లాక్కుపోద్ది. ముక్క ఎప్పుడూ అంచుకీ కటర్‌కీ మధ్యన ఇరుక్కోగూడదు. అర అంగుళం లోతు రిబేటు ఒక్క దెబ్బకి తియ్యగూడదు. నూలు, నూలున్నర చొప్పున మూడు విడతల్లో తియ్యాలి. వీలున్నప్పుడల్లా కటర్ కర్ర కింద ఉండేట్టు పెట్టుకోవాలి, అప్పుడు కర్రే కటర్‌కి మూత. ముడులు చూసుకోవాలి, నార ఎటు పోతందో చూసుకోవాలి. మద్దికి, టేకుకి ఒక చెయ్యి పనికిరాదు. అడుగు కన్నా పొట్టి ముక్కని చేత్తో పట్టి తొయ్యనే గూడదు. పొడుగు బద్ద మీద మోల్డింగు తీసి, తర్వాత ముక్కలు కోసుకోవాలి. చివర తొయ్యటానికి తోపుడు కర్ర ఉండాలి. చేతొడుగులు వేసుకోగూడదు. ఆపినాక కూడా కటర్ కాసేపు తిరుగుద్ది, దాన్ని కర్రముక్కతో ఆపబోగూడదు. తువ్వాలు, లుంగీ కొస, చేతి తాయెత్తు, ఏదీ వేలాడగూడదు. ఒకరోజు మేస్త్రిగారు వంగి మోల్డింగు చూస్తా ఉంటే ఆయన జంధ్యం జారి బల్ల మీద కొచ్చింది. నేను గబుక్కున స్విచ్చి కట్టేసి "మేస్త్రిగారూ, జంధ్యం" అన్నాను. ఆయన మొకం తెల్లబోయింది. ఆ మిషనుకి జంధ్యమూ ఒకటే, నా తాయెత్తూ ఒకటే.

ఒకసారి మోటారు కాలిపోతే వైండింగ్ చేయించి తెచ్చారు. షావుకారు తొందర. గుమ్మాలు సాయంత్రానికి ఇయ్యాలి. నేను కర్ర పెట్టలేదు. స్విచ్చి ఒక్క క్షణం వేసి ఆపి చూశాను. ఇరుసు బాణం గుర్తుకి ఉల్టా తిరిగింది. త్రీఫేజు వైర్లలో రెండు అటూ ఇటూ అయితే మోటారు ఎదురు తిరుగుద్ది. అది అట్టా తిరిగితే నేను ఎదురనుకుని తోసే కర్ర దాని వెంట పోద్ది. పై నట్టు కూడా వదులైపోద్ది. వైర్లు మార్చిందాకా నేను ముట్టనన్నాను. షావుకారు అరిచాడు. అప్పుడు మేస్త్రిగారు లేచి "వాడు చెప్పింది నిజమండీ" అన్నాడు. ఆ షెడ్డులో నా మాటకి విలువొచ్చింది ఆ రోజే. గ్లాసు మాత్రం తర్వాత కూడా వేరే ఉంది.

దసరాకి ఆయుధ పూజ చేసేవోళ్ళు. మిషనుకి కుంకం పెట్టి, దండేసి, నిమ్మకాయలు కట్టేవోళ్ళు. ఆ రోజు నన్ను గడప బైట నిలబెట్టేవోళ్ళు. మర్నాడు పొద్దున దండ తీసి, నిమ్మకాయ విప్పి, కటర్ బిగువు చూసి పని మొదలుపెట్టాల్సింది మాత్రం నేనే. మూడొందల అరవై నాలుగు రోజులు ముట్టుకునేవాడు ఒక్క రోజు ముట్టుకుంటే మైల పడే ఆయుధం అది.

1993లో మా పల్లె నుంచే ఇంకో కుర్రాడొచ్చాడు. పదహారేళ్ళు. నేను ఊరెళ్ళిన రెండ్రోజుల్లో వాణ్ణి మిషను ముందు నిలబెట్టారు. కటర్ మీద ఇనప మూత ఉంటే పని నెమ్మదైతందని అది పీకించారు. తొమ్మిదంగుళాల ముక్కకి బీడింగు కొట్టమన్నారు. ముక్క ఎగిరి పోయింది. వాడి కుడిచేతి చూపుడు వేలు రెండు కణుపులు పోయినయ్యి. ఆస్పత్రి ఖర్చు పెట్టి, చేతిలో కొంత డబ్బు పెట్టి, బస్సెక్కించి పంపేశారు. నేను తిరిగొచ్చేసరికి బల్ల కడిగేసి ఉంది.

చట్టం సంగతి అప్పుడు తెలుసుకున్నాం, నేనూ మా చిన్నాన్న కొడుకూ. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షను, తిరిగే యంత్రానికి కంచె ఉండాలంది. 23వ సెక్షను, ప్రమాదకరమైన మిషను మీద పెట్టే కుర్రవాళ్ళకి ముందు ప్రమాదం చెప్పాలి, దాంతో పాటు పనన్నా నేర్పాలి, పక్కన తెలిసినవాడన్నా ఉండాలంది. కానీ కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్ళుంటేనే అది ఫ్యాక్టరీ. మా షెడ్డులో పదకొండు మందిమి. రిజిస్టర్లో ఎనిమిది పేర్లు. లేని మూడు పేర్లలో నాదొకటి, ఆ కుర్రాడిదొకటి. కాగితం మీద మేం లేం గాబట్టి మా వేళ్ళు కూడా లేవు.

1923 నాటి నష్టపరిహార చట్టంలో వేళ్ళ పట్టిక ఒకటుండేది. బొటనవేలు మొత్తం పోతే సంపాదించే శక్తిలో నూటికి 30 పోయినట్టు. చూపుడు వేలు మొత్తం పోతే 14, రెండు కణుపులు పోతే 11. నడిమి వేలికి 12. ఉంగరపు వేలికి, చిటికెన వేలికి 7. ఆ పట్టిక మొదటిసారి చదివినప్పుడు నాకు ఏకలవ్యుడు గుర్తొచ్చాడు. ద్రోణుడికి వేళ్ళ విలువ బాగా తెలుసు, అందుకే నూటికి 30 ఉన్నదాన్నే అడిగాడు. ఆ కుర్రాడి చేత దరఖాస్తు పెట్టించాం. వాడు అక్కడ పనిచేశాడని సాక్ష్యం చెప్పాను. నా పని పోయింది. మేస్త్రిగారు సాక్ష్యానికి రాలేదు. ఆ కుర్రాడికి డబ్బు వచ్చేసరికి మూడేళ్ళు పట్టింది. ఆ డబ్బుతో వాడు గేదెని కొన్నాడు. ఎడం చేత్తో పాలు పితకటం నేర్చుకున్నాడు.

తర్వాత నేను చాలా షెడ్లలో పనిచేశాను. ఇప్పుడైతే కంప్యూటరు మిషన్లు వచ్చినయ్యి. అయినా చిన్న షెడ్లలో పాత స్పిండిలే తిరుగుతంది. పదిమంది అన్న లెక్కని 2020లో చేసిన కొత్త కోడ్‌లో ఇరవై చేశారు. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చింది. మా షెడ్డు లాంటివి ఇంక దొంగ రిజిస్టరు రాయాల్సిన పని కూడా లేదు. కొయ్య దుమ్ము క్యాన్సర్ తెస్తదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఆ దుమ్ము పీల్చేవాడి ముక్కుకి ఇప్పటికీ తువ్వాలు గుడ్డే గతి.

నేను రిబేటు తీసిన గుమ్మాలు ఎన్ని ఊళ్ళలో నిలబడ్డయ్యో లెక్క లేదు. వాటి గడపలకి పసుపు రాసి బొట్టు పెట్టి మొక్కుతారు. దేవుడి గది తలుపులకి నేను తీసిన మోల్డింగులున్నయ్యి. ఆ గుమ్మాలు ఎక్కించటానికి పోయిన ఇళ్ళలో కొన్నిటి లోపలికి నన్ను రానివ్వలేదు. గడప నా చేతిదే, దాటే హక్కు నాది కాదు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ, సభల్లో మాట్లాడే అన్నలకీ నేనడిగేది ఒక్కటే. మన పిల్లలు చదువుకోవాలని చెప్పండి, తప్పకుండా చెప్పండి. కానీ చదువు మధ్యలో ఆగినోడు రేపు తెల్లారే ఏదో ఒక మిషను ముందుకి పోతాడు. వాడికి మిషను రేకు మీదున్న ఇంగ్లీషు చదివి చెప్పేవోళ్ళు కావాలి, రిజిస్టర్లో పేరు ఎక్కించమని నిలదీసేవోళ్ళు కావాలి, మూత పీకేస్తే పని ఆపి నిలబడేవోళ్ళు కావాలి. నా దగ్గరికి పని నేర్చుకోటానికి వచ్చే కుర్రాళ్ళకి మొదటి రోజు మిషను వెయ్యను. ఫ్యూజులు పీకి వాళ్ళ చేతికిస్తాను. ఇవి మీ జేబులో ఉన్నంతసేపే కటర్ మీద చెయ్యి వెయ్యండని చెప్తాను. సాయంత్రం పోయేటప్పుడు వాళ్ళ వేళ్ళు లెక్కబెట్టి పంపిస్తాను.