ఎండితేనే కాపు

కామవరపుకోటది మెరక నేల. జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలున్న కొండల మీద వాన పడితే చుట్టుపక్కల వాగులు ఎర్రగా పరుగెడతాయి. సంక్రాంతి దాటాక మడుగులే మిగులుతాయి, ఎండలు ముదిరేసరికి అవీ ఇంకుతాయి. ఒడ్డున రెల్లు వేళ్లు లోతుకు దింపి బతికేస్తుంది. మడుగు అంచు బురదలో పాకే చిన్న మొక్క ఎత్తుగడ వేరు. చూడ్డానికి పులిచింతే, కాకపోతే మూడాకుల బదులు నాలుగు. పువ్వుండదు, గింజుండదు. ఇది ఫెర్న్ జాతి, శాస్త్రనామం మార్సీలియా. నీరు పెరిగితే కాడ సాగదీసి ఆకుల్ని తేలుస్తుంది. నీరు తీస్తే పొట్టి కాడల మీద నిలబడుతుంది.

మడుగు ఎండుతున్నప్పుడే దీనికి కాపు. కాడల మొదట్లో పెసరగింజంత గట్టి కాయలు కడుతుంది. లోపల ఉండేవి సిద్ధబీజాలు. కాయ పెంకు కాస్త గీకి పళ్లెంలో నీళ్లలో వేసి చూడండి. పెంకు విచ్చి, జిగురు తాడొకటి నీరు పీల్చుకుంటూ మెల్లగా బయటికి పాకుతుంది. కాయకు ఎన్నో రెట్లు పొడవు, దానికి వరసగా సిద్ధబీజాల సంచులు. వాగులో ఆ గీకే పని ఇసుక రాపిడి చేస్తుంది, లేదా పెంకు కుళ్లి తెరుచుకుంటుంది. ఎండబెట్టి దాచిన కాయలు దశాబ్దాల తర్వాత కూడా మొలిచాయి.

ఆస్ట్రేలియాలో దీని సోదర జాతి నార్డూ. అక్కడి యాండ్రువాంధా జనం ఆ కాయల్ని పద్ధతిగా వండుకు తినేవారు. 1861లో కూపర్ వాగు దగ్గర చిక్కుకున్న అన్వేషకులు బర్క్, విల్స్ ఆ పద్ధతి పట్టకుండా పిండి తిన్నారు. బీ1 విటమిన్‌ను విరిచే ఎంజైమ్ అందులో ఉంది. వాళ్ల చావుకు అదీ ఒక కారణమంటారు.

మన వాగుల్లో గండం మొక్కకే. ఇసుకతో పాటు మడుగు మట్టినీ ట్రాక్టరుకెత్తితే ఏళ్లనాటి కాయల నిల్వ కూడా దానితో పోయినట్టే. తమ్మిలేరు వెంట ఏలూరు దాటి పల్లానికి దిగితే ఇదే మొక్క వరిచేలో కలుపు, కూలి ఇచ్చి మరీ పీకిస్తారు. ఆపైన కొల్లేరు. వేసవిలో నీరు తీసి, తీరం బయటపడే సరస్సది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. చేపల చెరువంటే నిటారు గట్టు, లోతు నీరు. వానలు లేక చచ్చే మొక్కలు చాలా ఉన్నాయి గానీ, దీనికి కావలసింది మెల్లగా ఎండే బురద, చెరువు గట్టు ఇవ్వనిదీ అదే.