ఊదుగొట్టం - పొగగొట్టం

మా ఇంట్లో వేణ్ణీళ్ళ విషయంలో మూడు పార్టీలున్నాయి. మావారిది గీజరు పార్టీ. స్విచ్చి నొక్కి, పేపరు ముందేసుకుని కూచుంటే నీళ్ళు వాటంతటవే కాగుతాయనేది ఆయన సిద్ధాంతం. మా అబ్బాయిది చన్నీళ్ళ పార్టీ. ధనుర్మాసం రాగానే ఆ పార్టీ చడీచప్పుడు లేకుండా గీజరు పార్టీలో కలిసిపోతుంది. ఇహ మూడోది మా అత్తగారిది, బాయిలరు పార్టీ. "ఆ గీజరు నీళ్ళు ఒంటికి అంటవే అమ్మాయ్! బాయిలర్లో కాగిన నీళ్ళు నాలుగు చెంబులు పోసుకుంటే మోకాళ్ళు మాట వింటాయి" అంటారావిడ. ఆవిడ కాపురానికొచ్చినప్పటి బాయిలరు అడుగు ఊడిపోయి, ఏనాడో పాతసామాన్ల వాడి బండెక్కింది.

నేను ఏ పార్టీలోనూ లేను. ఇంటిఖర్చుల పుస్తకం రాసేది నేనే గనక నాది ఆర్థికశాఖ.

ఆ శాఖ తరఫున లెక్క చూస్తే, నలభై లీటర్ల నీళ్ళు పొగలు కక్కేలా కాగాలంటే గీజరు సుమారు రెండు యూనిట్ల కరెంటు మింగుతుంది. ఇటు పెరట్లో చూస్తే పదకొండు కొబ్బరిచెట్లు. మాది కోనసీమ కదండీ, మట్టలు, డొక్కలు, చిప్పలు ఎప్పుడూ కాళ్ళకి అడ్డం పడుతూనే ఉంటాయి. వాటిని ఎత్తించడానికి మళ్ళీ మనమే కూలి ఇచ్చుకోవాలి. కాబట్టి ఆర్థికశాఖ మొగ్గు బాయిలరు వైపే. అడ్డల్లా ఒక్కటే. అత్తగారి ఊపిరితిత్తులు.

నాలుగేళ్ళ క్రితం ఆవిడకి ఆయాసం పట్టుకుంటే కాకినాడ తీసుకెళ్ళాం. డాక్టరుగారు ఫొటో చూసి, ఊదించి చూసి, తల పైకెత్తి "అమ్మా, చుట్టలు కాల్చే అలవాటేమైనా ఉందా?" అని అడిగారు. అత్తగారికి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "చుట్టలేమిటయ్యా! నేను ఏ ఇంటి కోడల్ననుకున్నావు?" అన్నారు. ఆయన నవ్వి, "అయితే కట్టెలపొయ్యి మీద ఎన్నేళ్ళు వండారు?" అన్నారు. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. మా ఇంటికి గ్యాసు వచ్చేదాకా ఇరవై రెండేళ్ళు, అంతకుముందు పుట్టింట్లో ఆరేళ్ళు. "చుట్ట కాల్చకుండానే కాల్చినంత పనయింది" అన్నారు డాక్టరుగారు. సీఓపీడీ అని పేరు రాసి, పీల్చే మందు ఇచ్చారు.

అందుకని 2023 కార్తీకంలో మళ్ళీ బాయిలరు ప్రసక్తి వచ్చినప్పుడు నేనొక షరతు పెట్టాను. బాయిలరు కొంటే పొగగొట్టంతో సహా పెట్టించాలి, లేదా అసలు వద్దు. మావారు వింతగా చూశారు. "పెరట్లో పెట్టే దానికి గొట్టమెందుకోయ్? పైన ఆకాశమంత గొట్టం ఉంటే!" అన్నారు. ఆకాశం ఎంత పెద్దదైనా పొగ మాత్రం నిప్పు ఎగదోసే మనిషి మొహం మీదకే వస్తుందండీ. ఆ సంగతి ఎగదోసేవాళ్ళకే తెలుసు. చివరికి పదివేలు మంజూరయ్యాయి.

పదివేలకి కొత్త రాగి బాయిలరు రాదు. సెకండుహ్యాండుదే గతి. తణుకు దగ్గర అజ్జరం అని ఊరుంది. ఇత్తడి, రాగి సామాన్లకి పేరుపడ్డ ఊరు. పాత బిందెలూ గంగాళాలూ ఇచ్చి కొత్తవి తెచ్చుకునేవాళ్ళు అక్కడికే వెళ్తారు. అలా వచ్చిన పాతవి కరిగిపోయి మళ్ళీ కొత్తవైపోతాయి. ఓ కొట్టు వెనక కరగడానికి సిద్ధంగా పడి ఉన్న కుప్పలో, నల్లగా మసిబారి, నడుం మీద చిలుము పట్టి కనిపించింది మా బాయిలరు.

ఈ కాలం అమ్మాయిలు చూసి ఉండరు గనక చెబుతాను. అదొక రాగి పీపా. నడిమధ్య నిలువుగా ఒక లావుపాటి గొట్టం. దాని అడుగున నిప్పు ఆనడానికి జల్లెడ. నిప్పు గొట్టంలో, నీళ్ళు గొట్టం చుట్టూ. పైన గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే అవి లోపలున్న సన్నగొట్టం గుండా అడుక్కి దిగుతాయి. పైకి తేలి ఉన్న వేణ్ణీళ్ళు చెంబెడు కొమ్ములోంచి బైటికొస్తాయి. చెంబు పోస్తేనే చెంబు ఇస్తుంది. ఉత్తపుణ్యానికి చుక్క రాల్చదు. అందువల్లే ఎప్పుడూ ఖాళీ అవదు. ఖాళీ బాయిలరు కింద మంట పెడితే అతుకులు విడిపోతాయి మరి.

కొట్టువాడు కిలో ఆరొందల యాభై అన్నాడు. కాటా మీదికి ఎత్తబోతుంటే ఆగమన్నాను. జల్లెడ ఇనుము, బూడిదరేకు ఇనుము, లోపల గోడలకి అంగుళం మందాన సున్నపు గార. ఇవన్నీ రాగి ధరకి నాకెందుకు? "అమ్మగారు బంగారం బేరమాడినట్టు ఆడుతున్నారు" అంటూనే ఇనప సామాను విప్పించి, కొయ్యసుత్తితో చుట్టూ తట్టించాడు. గార పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. పదకొండు కిలోలకి కాస్త తక్కువున్నది తొమ్మిదికి దిగింది. తర్వాత నిండా నీళ్ళు పోయించి, అరగంట అక్కడే స్టూలు మీద కూచున్నాను. పాత వస్తువు కొనేవాళ్ళకి ఉండాల్సింది డబ్బు కాదండీ, ఈ అరగంట. ఇరవయ్యో నిమిషంలో నడిమిగొట్టం అడుగున అతుకు దగ్గర ఒక బొట్టు కనిపించింది. "తగరంతో మాటేసిస్తాను, పదినిమిషాల పని" అన్నాడు. నిప్పు దగ్గర తగరమేమిటి? తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. రాగి కరగాలంటే 1085 కావాలి. ఇత్తడితో మాటు వేయించుకునే కదిలాను. రావులపాలెం మీదుగా బస్సులో తెచ్చుకుంటే కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు. మనిషంత చోటు ఆక్రమించింది, అతని తప్పేముంది!

ఇక పెట్టించడం. మావారు స్నానాలగదిలోనే ఓ మూల పెట్టిస్తే నీళ్ళు మోసే పని ఉండదన్నారు. నేను ఒప్పుకోలేదు. తలుపులు బిగించుకున్న గదిలో నిప్పు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రొచ్చినట్టే ఉండి మనిషి పోతుంది. గదికి అవతల, గోడ పక్కన మూడు వరసల ఇటికల దిమ్మ కట్టించి, కింద మంట పెట్టేందుకు నోరు వదిలించాం. పుల్లలు కింది నుంచి పెడతాం గనక పైన గొట్టం తగిలించడానికి వీలుంది.

రేకుల పనివాడు ముసలాయన. ఐదంగుళాల గొట్టం, తొమ్మిదడుగుల ఎత్తు, వంకర తక్కువ ఉంటే పొగకి దారి సుఖం అన్నాడు. పక్కనున్న తాటాకు పంచ చూరుకి బాగా ఎడంగా జరిపించి, చూరు కంటే ఎత్తుకి లేపాడు. వాన పడకుండా పైన టోపీ పెట్టాడు. అన్నీ అయ్యాక మంట పెడితే, పొగ పైకి పోకుండా కింది నోట్లోంచి మా మొహాల మీదికే వచ్చింది! మావారి కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద చిరునవ్వు. "చెప్పానా?" అన్నట్టు. ముసలాయన కంగారుపడలేదు. "గొట్టం చల్లగా ఉందమ్మా, లోపలి గాలి బరువుగా కూచుంది" అని, రెండు కాగితాలు వెలిగించి గొట్టం మొదట్లో కాసేపు పట్టాడు. అంతే. గాలి వెచ్చబడింది, తేలికైంది, భగ్గున లాక్కుంది. అప్పట్నించీ మంట ముందు రెండు కాగితాలు వెలిగించడం మా ఇంటి ఆచారమైపోయింది.

ఆ పూట అత్తగారు గొట్టం వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. "మా రోజుల్లో ఊదుగొట్టం ఉండేదే గానీ, పొగగొట్టం ఎక్కడిదే?" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే కదూ? ప్రతి పొయ్యి దగ్గరా ఒక ఊదుగొట్టం. ఆడదాని ఊపిరి పొయ్యిలోకి పోవడానికి దారి ఉంది. పొయ్యిలో పొగ బైటికి పోవడానికి మాత్రం దారి లేదు. అలాగని ఎవరికీ తెలియక కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజుగారు పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యి తయారుచేసి, లక్షల వంటిళ్ళకి పనికొస్తుందని 1953లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. చాలా ఇళ్ళల్లో ఆ పొయ్యిలు మసి పూడుకుపోయి మూలపడ్డాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం, 2016లో ఉజ్జ్వల వచ్చి గ్యాసు బండలు ఇచ్చాయి. ఇన్నేళ్ళూ ఇంట్లో రేడియో వచ్చింది, సైకిలు వచ్చింది, వీధి గదికి సున్నం పడింది. వంటింటి పైన నాలుగు జానల గొట్టం మాత్రం "వచ్చే ఏడు చూద్దాం" పద్దులోనే ఉండిపోయింది. గొట్టానికైతే డబ్బు కావాలి. ఊపిరికి ఖర్చేముంది?

మా లెక్క చెప్పేస్తాను. బాయిలరు 5,850. మాటు, దారిఖర్చులు 450. ఇటికలు, మేస్త్రి 1,400. గొట్టం, టోపీ, మజూరీ 3,200. మొత్తం 10,900. మంజూరైంది పదివేలే గనక మిగతా తొమ్మిదొందలు పోపులడబ్బా భరించింది. గొట్టం మానేస్తే 2,300 మిగిలేదని మావారు ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు.

మీరూ పాత బాయిలరు కొనాలనుకుంటే రాగి దగ్గర ఎంతైనా గీచి గీచి బేరమాడండి. పచ్చి పుల్లలు పెట్టకండి, పొగ పెరుగుతుంది. నెలకోసారి టోపీ తీయించి, గెడకి కొబ్బరిపీచు కట్టి గొట్టం లోపల మసి దులిపించండి. మాకు మొదటి నెలలోనే చేటెడు మసి రాలింది. ఆ చేట చూసి మావారు ఏమీ అనలేదు. దాన్ని పట్టుకెళ్ళి పాదులో పోసి వచ్చారు.

గొట్టం తాలూకు 3,200 రూపాయల్ని 'దండగ ఖర్చులు' కింద రాయమన్నారాయన. నేను 'మందులు' కింద రాశాను.