వసారా పొడుగునా ఊళ్లు

బడి వదిలాక ఇంటికొచ్చి, ఓ గ్లాసుడు చోడి అంబలి తాగి, జడ మళ్లీ బిగించి వేయించుకుని, అప్ప చెయ్యి పట్టుకుని సంగీత కళాశాలకి బయల్దేరేసరికి నాలుగున్నర దాటేది. విజయనగరం గంటస్తంభం దగ్గర రిక్షా బెల్లులు, కనకాంబరాల బుట్టలు, వేడి ఇసకలో వేరుశనక్కాయలు వేపుతున్న వాసన, కొత్త సినిమా వచ్చిందని మైకులో అరుచుకుంటూ పోయే మనిషి గొంతు, అన్నీ ఒక్కసారే మీదికొచ్చేవి. కోట వేపు మళ్లాక ఆ గోల వెనకబడి, ఒక్కో చప్పుడూ విడివిడిగా ఎదురొచ్చేది. అన్నిటికంటే ముందు డోలు. ఇంకో నాలుగిళ్లు దాటితే సన్నాయి. గేటు దగ్గరికి వెళ్తే మృదంగం, మెట్లెక్కితే ఫిడేలు. వీణ మాత్రం గది గుమ్మంలో చెప్పులు విప్పి నించుంటే గానీ వినపడేది కాదు. అప్పకి వీణ, నాకు పాట. అప్ప వీణ గదిలోకి పోయాక నేను వసారాలో గోడకి ఆనుకుని, నా క్లాసు మొదలయ్యేదాకా, అన్ని గదులూ కలిపి వింటూ కూర్చునేదాన్ని.

జిల్లా కొత్తగా వచ్చిన రోజులవి. 1979 జూన్‌లో విశాఖ నించి కొంతా శ్రీకాకుళం నించి కొంతా తీసి విజయనగరం జిల్లా చేశారు. నిన్నటిదాకా శ్రీకాకుళం వాళ్లైన బొబ్బిలివాళ్లు, సాలూరువాళ్లు ఇప్పుడు మన జిల్లావాళ్లని మా బళ్లో టీచరు పటం మీద వేలు పెట్టి చూపించారు. సంగీత కళాశాలలో ఆ ఊళ్లన్నీ అరవయ్యేళ్లుగా కలిసే ఉన్నాయి. మా మాస్టార్లని మేం పేర్లతో ఎరగం. బొబ్బిలి టీచరు, రాజాం మాస్టారు, నెల్లిమర్ల మాస్టారు, అంతే. ఊరు తెలిస్తే మనిషి తెలిసినట్టే మాకు.

ఆ కళాశాల కథ నాన్న సైకిలు మీద కూర్చోబెట్టుకుని చెప్పేవారు. 1919లో విజయరామ గజపతి మహారాజు ఈ బడి పెట్టించారట. ఆస్థానంలో ఉండే చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు, పాటంటే ప్రాణం, అలాంటి పిల్లాడికి ఒక బడి ఉండాలన్న ఆలోచనతో మొదలైందట. పాతకాలంవాళ్లు ఇంకా గానపాఠశాల అనే అనేవారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. అజ్జాడ అనే పల్లెలో పుట్టి, కాళ్లకి గజ్జెలు కట్టి, చేత చిరతలు పట్టి, హరికథ అంటే ఆయనదే అనిపించుకున్న మనిషి. ఉమర్ ఖయ్యాం రుబాయీలని అటు సంస్కృతంలోకీ ఇటు అచ్చతెలుగులోకీ దింపిన పండితుడు. అజ్జాడ ఎక్కడ, పారశీకం ఎక్కడ అని నాన్న సైకిలు తొక్కుతూనే ఆశ్చర్యపోయేవారు, చెప్పిన ప్రతిసారీ.

ఆ దాసుగారి దగ్గర చదువుకుందామని ఇరవయ్యారేళ్లైనా నిండని ఒక కుర్రాడు ఫిడేలు పట్టుకుని వచ్చాడట. ఆ కుర్రాడి నాన్న పటాలంలో పనిచేశారు. పుట్టింది బెంగుళూరు, పెరిగింది విశాఖపట్నం. చూపు సరిగా ఆనక బడి చదువు సాగలేదు, అన్నగారి దగ్గర కూర్చుని ఫిడేలు పట్టాడు. ఆ కుర్రాడు వాయించింది విని, నీకు ఇక్కడ నేర్పేదేమీ లేదు నాయనా, నువ్వే నేర్పు అని దాసుగారు ఉద్యోగం ఇప్పించారని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కుర్రాడే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1936లో దాసుగారి తరవాత ప్రిన్సిపాలు కూడా ఆయనే అయ్యారు. చూపులేని పిల్లాడి కోసం పెట్టిన బడికి చూపు మందమైన మాస్టారు రావడం నాకు ఆ వయసులో పెద్ద విశేషంగా తోచలేదు. సైకిలు చక్రంలో కాలు పడకుండా చూసుకోవడమే సరిపోయేది. ఇప్పుడు ఆ సంగతి తలుచుకోకుండా ఆ వీధి దాటలేను.

మాకు పాట చెప్పిన పంతులుగారిది నాగావళి ఒడ్డున ఓ అగ్రహారం. చిన్నప్పుడు విజయనగరంలో వారాలు చేసుకుని చదువుకున్నారు. అందుకేనేమో ఏ పిల్లైనా క్లాసులో గొంతు నీరసంగా పలికితే, శ్రుతి తప్పావని అనకుండా, "ఏం తిన్నావమ్మా?" అని ముందు అడిగేవారు. ఆయన సంచీలో ఎప్పుడూ అటుకులో, బెల్లంముక్కో ఉండేది. శ్రుతిపెట్టె తిత్తి ఒత్తుతూ, రెండో కాలం సరళీ వరసలు మా చేత అనిపిస్తూ, మధ్యలో ఆపి సాలూరు చిన్న గురువుగారి కథ ఎత్తుకునేవారు. ఆ చిన్న గురువుగారు, అంటే పట్రాయని సీతారామశాస్త్రి గారు, ఈ కళాశాలలోనే పాఠం చెప్పారు. కృష్ణా జిల్లా నించి తండ్రి లేని పిల్లాడు సంగీతం కావాలని ఇంత దూరం వస్తే, జోలె కట్టుకుని ఇంటింటా మధూకరం తెచ్చుకుని తింటుంటే, ఆ పిల్లాడిని దగ్గరికి తీసి పాట నేర్పింది ఆయనే. ఆ పిల్లాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. రేడియోలో ఆయన పాట వస్తే మా వీధిలో ముసలమ్మలు చేస్తున్న పని ఆపి, "మా అత్త సేత్తో ఎట్టింది ఆ బాబుకి అన్నం" అని చెప్పుకునేవారు. పి. సుశీల గారైతే ఈ ఊరిపిల్లే, ఇదే కళాశాలలో డిప్లొమా తీసుకున్నావిడ. పంతులుగారు ఆవిడ సంగతి కొంచెం చెప్పి ఆపేసేవారు, మళ్లీ చిన్న గురువుగారి దగ్గరికే వచ్చేవారు. పేరు పొందిన శిష్యుల కంటే అన్నం పెట్టి పాఠం చెప్పినవాళ్ల మీదే ఆయనకి మోజు. నాకూ ఆయన్నించే ఆ మోజు అంటింది.

నెల్లిమర్ల మాస్టారు మృదంగం. వాళ్ల నాన్న అక్కడి గోనెసంచుల మిల్లులో షిఫ్టులు చేసేవాడు. మాస్టారు చిన్నప్పుడు రామమందిరంలో భజనల్లో కూర్చుని, పెద్దవాళ్లు ఎవరైనా చుట్ట కాల్చుకోడానికి లేచిపోతే వాళ్ల మృదంగం లాక్కుని వాయించేవారట. అలా చేయి తిరిగాకే గురువు దొరికాడు. క్లాసుకి ముందు ఆయన చేసే పని చూడ్డానికి నేను తలుపు పక్కన నించునేదాన్ని. చిన్న ఇత్తడి గిన్నెలో బొంబాయి రవ్వ, కాసిని నీళ్లు. రవ్వ చెయ్యికి అంటుకునేలా పిసికి ముద్ద చేసి, మృదంగం ఎడమవేపు తోలుకి మధ్యలో అద్ది, బొటనవేలితో చుట్టూ ఒత్తి, ఒకసారి అరచేత్తో కొట్టి చూసి, ఇంకో చిటికెడు అద్ది, మళ్లీ కొట్టి చూసేవారు. బోలుగా ఉన్న చప్పుడు లోతుగా దిగేదాకా అలా అద్దుతూనే ఉండేవారు. అప్పుడు కుడివేపు తిప్పి, గుండ్రాయితో అంచు మీద నెమ్మదిగా తట్టుకుంటూ, వార్లన్నీ ఒక చుట్టు తిరిగి, చెవి వంచి వినేవారు. పచ్చి రవ్వ, పాత తోలు, ఆయన రాసుకునే గంధం, ఈ మూడూ కలిసిన వాసన ఆ గదిది. క్లాసయ్యాక రవ్వంతా గోకి తీసి, పారెయ్యకుండా, కిటికీ బయట జామచెట్టు మొదట్లో చీమలకి వేసేవారు. మిల్లులో నాన్న తెచ్చిన జీతంలో రవ్వ పండగకి కొనేవారని, అది పారేస్తే చేతులు రావని ఒకసారి అప్పతో అన్నారట.

బొబ్బిలి టీచరు వీణ. వాళ్ల ఊరికి దగ్గర్లోనే గొల్లపల్లి. బొబ్బిలి వీణలు చేసేది అక్కడే, పనసదుంగని అతుకు లేకుండా ఒకే చెక్కగా తొలిచి చేస్తారు. కొత్త వీణని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడమని టీచరు మాకు చెప్పేవారు. పనసకర్ర పసుపు వాసన, మెట్లు నిలబెట్టిన మైనం వాసన. వేసవిలో ఎండకి మైనం మెత్తబడి మెట్టు కొంచెం కదిలితే ఆవిడ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. పాఠం చెప్పడానికి ముందు ఎడంచేతి వేళ్లకి కొబ్బరినూనె ఓ చుక్క రాసుకుని, మిగిలింది మా తలకి రాసేవారు. పెళ్లైన కొత్తలో అత్తారింట్లో వీణ ముట్టుకోనివ్వకపోతే, అందరూ పడుకున్నాక తీగెలు మీటకుండా ఉత్తి మెట్ల మీద వేళ్లు నడిపించుకునేదాన్ని అని అప్పకి చెప్పారు. అప్ప ఆ మాట నాకు చాలా ఏళ్ల తరవాత చెప్పింది.

ఫిడేలు మాస్టారు ద్వారంవారి ఇంట నేర్చినవారి దగ్గర నేర్చారు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి. కమానుకి రోజన్ రుద్దుకుంటూ ఒక్క స్వరాన్నే, ఆ పొడుగాటి కమాను ఈ చివరి నించి ఆ చివరికి వెళ్లేదాకా, సాగదీసి వినిపించేవారు. వసారాలో ఆడుకునే పిల్లలు కూడా అది అయ్యేదాకా ఆగేవారు.

రాజాం మాస్టారు సన్నాయి. వాళ్ల నాన్న పొద్దున్న ఊళ్లో క్షవరాలు చేసి, సాయంత్రం గుళ్లో సన్నాయి ఊదేవాడట. గుడి మెట్ల కిందే కూర్చుని ఊదాలి, పైకి రాకూడదు. మాస్టారి మెళ్లో దారానికి గుత్తిగా పీకలు వేలాడేవి. వాటిలో ఒకటి నోట్లో పెట్టుకుని నానబెడుతూ, మాట్లాడకుండా తలాడిస్తూ వసారాలోకి వచ్చేవారు. ప్యూను హాజరు పుస్తకం పట్టుకొచ్చేవాడు. అందులో పంతులుగారి సంతకం కింద రాజాం మాస్టారి సంతకం. ఆయన ఒక్కో అక్షరమూ ఆగి ఆగి రాసేవారు, పంతులుగారు తన కలమే మూత తీసి అందించి, రాయడం అయ్యేదాకా పక్కనే నించునేవారు. తాగే టీ ఒకే కెటిల్లోది, కూర్చునేవి ఒకేరకం కుర్చీలు. మా ఊళ్లో అలాంటి చోటు ఇంకోటి నేను చూడలేదు. మహారాజు అంత ఆలోచించి పెట్టారో లేదో గానీ, సంగీతం పేరున ఒక హాజరు పుస్తకం తెరవడం వల్ల జరిగిన మేలు అది.

మా పక్కింటివాళ్ల పెళ్లికి రాజాం మాస్టారినే పిలిచారు. శంకరాభరణం ఎత్తుకుని ఇంకా పైకి వెళ్తున్నారు. ఇంతలో ఒక పెద్దమనిషి పందిట్లోంచి "ఒరే, ఆపి ఏదైనా సినిమాపాట ఊదరా" అన్నాడు. మాస్టారు సన్నాయి దించారు. ముందు వరసలో కూర్చున్న మా పంతులుగారు లేచి, పై కండువా సర్దుకుని, పందిరంతా వినపడేలా, "మాస్టారూ, ఆ శంకరాభరణం కానివ్వండి. వింటున్నాను" అన్నారు. అని కూర్చోలేదు. మాస్టారు ముగించేదాకా అలాగే నించున్నారు.

పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన. తెల్లారగట్ల చలిలో, తడి జడలతో, చాపల మీద అందరం ఒకే వరసలో కూర్చునేవాళ్లం. అమ్మమ్మవాళ్ల ఊరు నించి, పాలకొండ అవతల నించి, ఆ రోజుకి జనం బస్సులెక్కి వచ్చేవారు. శ్రీకాకుళం వేపు వాళ్లకి చెప్పుకోడానికి శ్రీపాద పినాకపాణి గారు ఉండేవారు. ప్రియాగ్రహారంలో పుట్టి, డాక్టరై, రోగుల్ని చూస్తూనే ఎందరికో పాట నేర్పిన మనిషి. మావాళ్ల దాసుగారు గొప్పా మీవాళ్ల డాక్టరుగారు గొప్పా అని పులిహోర తింటూ వాదించుకునేవారు.

నాలుగేళ్ల సర్టిఫికెట్టు అయ్యాక నేను చదువుకని వేరే ఊరు వెళ్లిపోయాను. అప్ప డిప్లొమా కూడా చేసింది. పంతులుగారు పోయారని ఉత్తరంలో తెలిసింది. బొబ్బిలి టీచరు కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్లారు, అక్కడి అపార్టుమెంట్లో ఏడో అంతస్తులో వీణకి మైనం కరగకుండా ఏసీ పెట్టించారని అప్ప చెప్పింది. రాజాం మాస్టారి కొడుకు సెలూను పెట్టుకున్నాడు, సన్నాయి ఆయనతోనే ఆగింది. 2021లో సాలూరు చిన్న గురువుగారి అబ్బాయి, మద్రాసులో ఘంటసాల గారి పక్కన హార్మోనియం వాయించిన పట్రాయని సంగీతరావు గారు నూరేళ్లు నిండి పోయినప్పుడు, పేపర్లో ఆ కబురు చదివి అప్పా నేనూ ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇంకెవరు చెప్తారు ఆ రోజుల సంగతులు అంది అప్ప.

ఈమధ్య ఊరెళ్లినప్పుడు సాయంత్రం అటు నడిచాం. గేటు దగ్గర ఓ గుంట ఫిడేలు పెట్టె భుజాన వేసుకుని నాన్న బండి కోసం చూస్తోంది. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావమ్మా అంటే, సారు దగ్గరండి అంది. బాగా చెప్తారా అంటే, బాగా చెప్తారండి అని కళ్లు పెద్దవి చేసింది.

"మీ సారుది ఏ ఊరే?" అని అప్ప అడిగింది.

"ఏమోనండి. ఆరింటికి ఆరికి బస్సుంటాది."